కడుపుతో ఉన్నప్పుడు బరువు ఎవరి లెక్క? ఒళ్ళు, తిండి, మనసు చిక్కుపడే చోటు

ఐదో నెల గర్భిణికి ఒకే వారంలో వినిపించే మాటలు ఇవి. అత్తగారు: "ఇంకో ముద్ద తినమ్మా, నువ్విప్పుడు ఒట్టి మనిషివి కాదు." డాక్టరు: "నెలలో మూడు కిలోలు పెరిగారు, కాస్త చూసుకోండి." ఆఫీసులో పక్క సీటు ఆవిడ: "ఐదో నెలా? అసలు కనిపించడమే లేదే, బిడ్డ బాగానే ఎదుగుతోందా?" రాత్రి ఫోన్ తెరిస్తే ఎవరో నటి మెటర్నిటీ ఫోటోషూట్. కడుపు తప్ప ఒంట్లో ఎక్కడా మార్పు లేదు.

అందరూ మాట్లాడుతున్నది ఒకే ఒంటి గురించి. కానీ ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ పొంతన ఉండదు. వీటిలో వైద్యం ఎంత, ఆచారం ఎంత, అందం గురించిన ఆరాటం ఎంత అన్నది విడదీసుకోకపోతే ఆ టెన్షన్ నేరుగా కంచం దాకా వస్తుంది. కొందరు అన్నం మానేస్తారు, కొందరు అవసరం లేకపోయినా తింటారు, ఇంకొందరు ఎవరూ చూడనప్పుడు తింటారు.

ముందు మూడు మాటలు తేల్చుకుందాం

బాడీ ఇమేజ్ అంటే మన ఒంటిని మనం మనసులో చూసుకునే తీరు. అద్దంలో కనిపించేదీ మనసులో ఉన్నదీ ఒకటే కానక్కర్లేదు. ఇందులో అంచనా ఉంది (నేనెంత లావున్నాను అనుకుంటున్నాను), ఇష్టాయిష్టాలున్నాయి (అలా ఉండటం నాకు నచ్చుతోందా), నడత కూడా ఉంది (గ్రూప్ ఫోటో అనగానే వెనక వరసలోకి జరుగుతున్నానా). ఆస్ట్రియాకు చెందిన సైకియాట్రిస్ట్ పాల్ షిల్డర్ 1935లోనే దీని మీద పెద్ద పుస్తకం రాశాడు. మన సోషల్ మీడియా పుట్టించిన సమస్యేమీ కాదు.

సెల్ఫ్ ఎస్టీమ్ ఇంకా విశాలమైనది. మొత్తంగా ఒక మనిషిగా నా విలువ ఎంత అని నేను అనుకుంటున్నానో అది. దీన్ని కొలవడానికి అమెరికా సామాజిక శాస్త్రవేత్త మారిస్ రోజెన్‌బర్గ్ 1965లో తయారు చేసిన పది వాక్యాల ప్రశ్నావళిని ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. ఆ పది వాక్యాల్లో రూపం గురించి గానీ బరువు గురించి గానీ ఒక్కటీ లేదు. ఒంటి మీద చారలు నచ్చకపోయినా తన మీద తనకు గౌరవం చెక్కుచెదరని ఆడవాళ్ళు బోలెడంత మంది ఉంటారు. అయితే "నేను బాగుంటాను" అన్నదాని మీదే తన విలువంతా ఆధారపడిందని నమ్మే మనిషికి మాత్రం, ఒళ్ళు మారితే ఆ విలువే పోయినట్టు అనిపిస్తుంది.

ఇక తిండి అలవాట్లు. ఏం తింటున్నాం, ఎంత తింటున్నాం అన్నది సగమే. ఎప్పుడు, ఎవరి తర్వాత, ఎవరి కళ్ళ ముందు తింటున్నాం అన్నది మిగతా సగం. అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలిన కూరతో తినే కోడలికి పోషకాహారం గురించి ఎంత తెలిసినా లాభం కొద్దే.

పెరిగిన బరువు ఒంట్లో ఎక్కడ ఉంటుంది

"పెరిగిందంతా కొవ్వే" అనే భయం చాలామందిలో ఉంది. లెక్క వేరే చెబుతుంది. మామూలు ఆరోగ్యంతో ఉన్న ఒకామె తొమ్మిది నెలల్లో పన్నెండున్నర కిలోలు పెరిగిందనుకుందాం. వైద్య పుస్తకాల్లో ఉండే సగటు పంపకం ఇలా ఉంటుంది: బిడ్డ 3.4 కిలోలు (మన దగ్గర బిడ్డలు ఇంతకంటే కాస్త తక్కువే ఉంటారు), మాయ సుమారు 650 గ్రాములు, ఉమ్మనీరు 800 గ్రాములు, పెద్దదైన గర్భాశయం దాదాపు కిలో, రొమ్ముల్లో పెరుగుదల 400 గ్రాములు, అదనంగా తయారైన రక్తం దాదాపు కిలోన్నర, కణజాలాల్లో చేరిన నీరు ఇంకో కిలోన్నర. తల్లి ఒంట్లో కొత్తగా చేరే కొవ్వు మూడు కిలోల పైచిలుకు మాత్రమే. అది కూడా ఊరికే చేరదు. కాన్పు తర్వాత పాలివ్వడానికి శరీరం ముందుగా దాచుకునే నిల్వ అది.

కాళ్ళ వాపు, ఉంగరం బిగుసుకోవడం, ముఖం ఉబ్బినట్టు కనిపించడం చాలావరకు ఆ నీటి వల్లే. ఎనిమిదో నెలలో చెప్పులు పట్టకపోవడం, తిండి ఎక్కువైందనడానికి గుర్తేమీ కాదు. ఇక్కడ ఒక్క మినహాయింపు ఉంది. ముఖం, చేతులు ఉన్నట్టుండి వాచి, తలనొప్పి గానీ చూపు మసకబారడం గానీ తోడైతే అది బీపీకి సంబంధించిన సంగతి. అందానికీ దానికీ సంబంధం లేదు, ఆసుపత్రికి వెంటనే చేరాల్సిన పరిస్థితి.

ఎంత పెరగాలి: ఒకే మనిషికి రెండు సమాధానాలు

ప్రపంచంలో ఎక్కువగా వాడే పట్టిక అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో ఇచ్చింది. గర్భం రాకముందు ఉన్న బీఎంఐని బట్టి (కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది) అందులో నాలుగు వరసలున్నాయి. 18.5 కంటే తక్కువ ఉంటే 12.5 నుంచి 18 కిలోలు. 18.5 నుంచి 24.9 వరకు 11.5 నుంచి 16. 25 నుంచి 29.9 వరకు 7 నుంచి 11.5. 30, ఆపైన 5 నుంచి 9 కిలోలు. మన దగ్గర చాలామంది డాక్టర్లు ఇదంతా చెప్పకుండా "పది, పన్నెండు కిలోలు పెరిగితే చాలమ్మా" అని ఒక్క మాటలో తేల్చేస్తారు.

ఇప్పుడు ఇద్దరిని తీసుకుందాం. మొదటి ఆవిడ ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 42 కిలోలు. బీఎంఐ 18.2. పట్టిక ప్రకారం ఈవిడ కనీసం 12.5 కిలోలు పెరగాలి. ఎనిమిది కిలోలు పెరిగి "నేను ఒళ్ళు చేయలేదు, ఫిట్‌గా ఉన్నాను" అని సంతోషపడితే, లెక్కలో ఆ సంతోషానికి ఆధారం లేదు.

రెండో ఆవిడ ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 59 కిలోలు. బీఎంఐ 24.6. అమెరికా పట్టికలో ఈవిడ "మామూలు" వరసలో ఉంది, 16 కిలోల దాకా పెరగొచ్చు. కానీ భారతీయులకు తక్కువ బరువులోనే షుగర్, గుండె జబ్బుల ముప్పు మొదలవుతుందని మన నిపుణులు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని హద్దులు కిందికి దించారు. ఆ కొలతతో చూస్తే ఇదే ఆవిడ "అధిక బరువు" వరసలోకి వచ్చి, 11.5 కిలోలకే ఆగాలి. ఒక డాక్టరు "బాగానే ఉన్నారు" అంటే ఇంకో డాక్టరు "ఎక్కువైంది" అనడానికి ఇదొక కారణం. ఇద్దరిలో ఎవరూ తప్పు చెప్పలేదు, చేతిలో ఉన్న స్కేళ్ళే వేరు. ఈ సంగతి పేషెంట్‌కి ఎవరూ విప్పి చెప్పరు. రెండో ఆసుపత్రి నుంచి బయటికొచ్చేటప్పుడు ఆమె మాత్రం "నేనే ఏదో తప్పు చేశాను" అనుకుంటూ వస్తుంది.

పట్టికలో ఏ వరసలో పడ్డా, బరువు నెలనెలా సమానంగా పెరగదు. మొదటి మూడు నెలల్లో వేవిళ్ళ వల్ల కొందరు తగ్గుతారు కూడా. మామూలు బీఎంఐ ఉన్నవాళ్ళు ఆ తర్వాత వారానికి నాలుగు వందల గ్రాముల చొప్పున పెరగడం సగటు. ఒక వారం ఏమీ పెరగక, మరో వారం కిలో పెరగడం కూడా జరుగుతూనే ఉంటుంది.

ప్రతిసారీ తూచాలా? అక్కడే డాక్టర్లలో రెండు వాదాలు

మన దేశంలో, అమెరికాలో చెకప్‌కి వెళ్తే ముందు బరువు తూస్తారు. బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య మార్గదర్శకాలు తయారు చేసే నైస్ సంస్థ 2010లో ఇందుకు భిన్నంగా చెప్పింది: వైద్యంలో ఏదైనా మారేటట్టుంటే తప్ప గర్భిణులను మాటిమాటికీ తూచొద్దు. డాలస్‌లో ఉన్న తెలుగు అమ్మాయికీ, లండన్‌లో ఉన్న ఆమె పిన్ని కూతురికీ ఈ విషయంలో పూర్తిగా వేర్వేరు అనుభవాలు ఉండటానికి మూలం ఇదే.

తూచాలనే వాళ్ళ వాదనలో బలముంది. బరువు మరీ పెరిగితే షుగర్, బీపీ, పెద్ద బిడ్డ, సిజేరియన్ ముప్పు పెరుగుతుంది. మరీ తగ్గితే బిడ్డ రెండున్నర కిలోల లోపు పుట్టే ప్రమాదం ఉంది. ఇద్దరికీ సాయం చేయాలంటే అంకె తెలియాలి. వద్దనే వాళ్ళ వాదనా తీసిపారేసేది కాదు. తూచినంత మాత్రాన బరువు అదుపులోకి రాదు. పైగా అప్పటికే ఒంటి గురించి మథనపడే మనిషికి ప్రతి చెకప్ ఒక పరీక్షలా తయారవుతుంది.

మన ఆసుపత్రుల్లో అది ఎలా జరుగుతుందో ఒకసారి గమనించండి. వెయింగ్ మెషిన్ డాక్టరు గదిలో ఉండదు, జనం కూర్చున్న కారిడార్‌లో ఉంటుంది. సిస్టర్ ఫైల్ ఒళ్ళో పెట్టుకుని "అరవై నాలుగున్నర!" అని పైకి చదువుతుంది. బెంచీ మీద ఉన్న పదిమందీ వింటారు. ఆ రోజు పొద్దున టిఫిన్ మానేసి, చెప్పులతో పాటు గాజులు కూడా తీసి మెషిన్ ఎక్కేవాళ్ళు ఉన్నారు. తూచడం మంచిదా కాదా అన్న చర్చ ఒక పక్కన ఉండనీ. ఆ అంకెను గట్టిగా చదవాల్సిన వైద్య అవసరం మాత్రం నాకు ఎంత వెతికినా కనిపించలేదు.

"ఇద్దరి కోసం తిను", "తక్కువ తింటే కాన్పు సులువు"

ఈ రెండు సలహాలూ ఒకే ఊళ్ళో, ఒక్కోసారి ఒకే ఇంట్లో వినిపిస్తాయి.

మొదటిది చూద్దాం. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి రోజుకు కావలసిన అదనపు శక్తి 350 కిలోక్యాలరీలు. అంటే ఎంత? ఒక గ్లాసు టోన్డ్ పాలు, ఒక ఉడికించిన గుడ్డు, ఒక అరటిపండు, చిన్న గుప్పెడు వేరుశనగ పప్పు. అంతే. ఇద్దరి భోజనం ఎక్కడా కనపడదు. కానీ మాంసకృత్తుల అవసరం ఇంతకంటే వేగంగా పెరుగుతుంది. మధ్య మూడు నెలల్లో రోజుకు అదనంగా 9.5 గ్రాములు, చివరి మూడు నెలల్లో 22 గ్రాములు. ఇంకో గరిటెడు అన్నంతో మొదటి లెక్క సులువుగా తీరిపోతుంది, రెండోది తీరదు. పప్పు, గుడ్డు, పెరుగు, చేప ఉన్న కంచానికీ, చారు పోసుకున్న పెద్ద అన్నం కంచానికీ తేడా అక్కడ ఉంది.

రెండో సలహా పైకి కనిపించేంత వింతైనది కాదు. 1983లో మార్క్ నిక్టర్, మిమీ నిక్టర్ అనే అమెరికా పరిశోధకులు కర్ణాటక తీరంలోని పల్లెల్లో జరిపిన అధ్యయనాన్ని ప్రచురించారు. కడుపులో బిడ్డకూ తిండికీ ఒకే చోటు ఉంటుందని, ఎక్కువ తింటే బిడ్డకు ఇరుకవుతుందని, బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమని అక్కడి ఆడవాళ్ళు వాళ్ళతో చెప్పారు. మన పల్లెల్లోనూ ఈ మాట కొత్తదేమీ కాదు. ఆసుపత్రి దూరంగా ఉండి, బిడ్డ అడ్డం తిరిగితే తల్లి ప్రాణం పోయే రోజుల్లో చిన్న బిడ్డను కోరుకోవడం భయంలోంచి పుట్టిన లెక్క. పొట్ట నిండుగా ఉంటే ఊపిరి ఆడనట్టుండటం కూడా ఆ నమ్మకానికి బలమిచ్చి ఉంటుంది.

ఆ లెక్క ఎక్కడ తప్పిందో పుణెలో తెలిసింది. అక్కడి కేఈఎం ఆసుపత్రి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన బిడ్డలను కొలిచి చూస్తే, వాళ్ళ సగటు బరువు 2.7 కిలోల దగ్గర ఉంది. ఇంగ్లండ్ బిడ్డలతో పోలిస్తే కండ బాగా తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. చూడ్డానికి సన్నగా, లోపల కొవ్వుతో ఉన్న ఈ బిడ్డలకు పెద్దయ్యాక షుగర్ ముప్పు ఎక్కువన్నది ఆ పరిశోధన చెప్పే మాట. అదే అధ్యయనంలో తల్లులు పాలు, ఆకుకూరలు, పండ్లు ఎక్కువసార్లు తిన్న ఇళ్ళలో బిడ్డల బరువు మెరుగ్గా కనిపించింది. తోటకూర, పాలకూర వండుకోవడానికి ఖర్చు పెద్దగా కాదు. పాలు, పండ్ల సంగతి అలా కాదు కాబట్టి దీన్ని తల్లి తెలివితేటలకు ముడిపెట్టి చూడటం అన్యాయం.

తెలుగు రాష్ట్రాల్లో ఈ రెండు సలహాలూ ఎందుకు ఇంకా బతికున్నాయో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) చూస్తే కొంత అర్థమవుతుంది. దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది, తెలుగు రాష్ట్రాల్లోనూ పరిస్థితి ఇంచుమించు అంతే. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం అధిక బరువుతో ఉన్నారు. తక్కువ తినడం సమస్యగా ఉన్న మనిషీ, ఎక్కువ బరువు సమస్యగా ఉన్న మనిషీ ఒకే వీధిలో ఉన్నారు. లావుగా ఉండి రక్తం తక్కువున్న మనిషి కూడా ఉంది. ఆమెను చూసి "తింటూనే ఉంటావుగా, నీకు రక్తం తక్కువేంటి" అనేవాళ్ళకు కొదవ లేదు.

అద్దం ఏం చెబుతుంది, చుట్టాలు ఏం చెబుతారు

గర్భం వస్తే ప్రతి ఆడమనిషీ తన ఒంటిని అసహ్యించుకుంటుందన్నది నిజం కాదు. పరిశోధనల్లో కనిపించే చిత్రం మిశ్రమంగా ఉంది. ఎప్పుడూ బరువు గురించి దిగులుపడే కొందరికి ఈ తొమ్మిది నెలలూ సెలవులా గడుస్తాయి. పొట్ట లోపలికి లాక్కుని నిలబడాల్సిన పని తప్పుతుంది. "ఈ ఒళ్ళు ఇంత పని చేయగలదా" అన్న ఆశ్చర్యం రూపం గురించిన చింతను వెనక్కి నెడుతుంది. ఇంకొందరికి ఇంతవరకు లేని దిగులు ఇప్పుడే మొదలవుతుంది.

చాలామంది కష్టమని చెప్పేది నాలుగు, ఐదు నెలల కాలం. నడుము మాయమవుతుంది, చుడీదార్ పట్టదు, కానీ కడుపు ఇంకా స్పష్టంగా బయటపడదు. తెలియనివాళ్ళ కంటికి ఆమె గర్భిణిలా కనిపించదు, లావైన మనిషిలా కనిపిస్తుంది. కడుపు బాగా కనిపించడం మొదలయ్యాక బస్సులో సీటు ఇస్తారు, పలకరింపుల తీరు మారుతుంది. అప్పుడు చాలామంది కుదుటపడతారు.

చర్మం సంగతి వేరే. సగం మందికి పైగా గర్భిణులకు పొట్ట మీద, తొడల మీద చారలు పడతాయి. వాటిని ఆపుతామంటూ అమ్మే క్రీములు నిజంగా ఆపుతాయనడానికి గట్టి ఆధారం లేదని, వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సమీక్ష 2012లో తేల్చింది. ముఖం మీద మంగు, మెడ నల్లబడటం, బొడ్డు కింద నల్లటి గీత హార్మోన్ల పని. వీటిలో చాలా భాగం కాన్పు తర్వాత నెమ్మదిగా తగ్గుతాయి, చారలు లేతరంగుకు తిరుగుతాయి.

మన దగ్గర రంగు గొడవ ఇక్కడితో ఆగదు, కడుపులో బిడ్డ దాకా వెళ్తుంది. బిడ్డ తెల్లగా పుట్టాలని పాలల్లో కుంకుమ పువ్వు. నల్లగా పుడుతుందేమోనని ఐరన్ మాత్రలు మానేయడం. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఆ ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కనీసం 180 రోజులు వేసుకోవాలి. వాటివల్ల విరేచనం నల్లగా అవుతుంది, దాంతో ఆ నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. బిడ్డ రంగు తల్లిదండ్రుల జన్యువుల్లో ఉంది. కుంకుమ పువ్వు దాన్ని పెంచదు, ఐరన్ తగ్గించదు. పాలల్లో కుంకుమ పువ్వు వేస్తే పోయేది డబ్బులే. ఐరన్ మానేస్తే రక్తమే పోతుంది.

ఇక చుట్టాల మాటలు. "చిక్కిపోయావు", "బాగా ఒళ్ళు చేశావు", "ముఖంలో కళ తప్పింది, ఆడపిల్లేమో" అన్నవి మన ఇళ్ళలో పలకరింపులు. వీటిని బాడీ షేమింగ్ అని ఒక్క మాటలో కొట్టిపారేస్తే అందులో ఉన్న ఆరాటం కనబడకుండా పోతుంది. సీమంతానికి చలిమిడి చేసిపెట్టే చెయ్యే "ఇంత లావయ్యావేంటే" అని కూడా అంటుంది. పట్టించుకునే మనిషి ఉండటం ధైర్యాన్నిస్తుందని చెప్పే ఆడవాళ్ళు ఉన్నారు, అవే మాటలకు రాత్రి ఏడ్చానని చెప్పేవాళ్ళూ ఉన్నారు. తేడా ఎక్కువగా ఒక్క చోటే కనిపిస్తుంది: ఆ మాటకు ఎదురు చెప్పే స్థానంలో ఆమె ఉందా లేదా అన్నచోట. పుట్టింట్లో "ఊరుకో అమ్మా" అని నవ్వేసే మాటే అత్తింట్లో గుచ్చుకుంటుంది.

మనసులోని మాట కంచంలోకి ఎలా దిగుతుంది

దీనికి దారులు కొన్ని స్పష్టంగా కనిపిస్తాయి. ఒకటి, కడుపు మాడ్చుకుని తర్వాత ఒక్కసారిగా తినడం. పొద్దుటి నుంచి టీతో సరిపెట్టి, సాయంత్రం ఆరింటికి దొరికిందల్లా తినేసి, రాత్రి తప్పు చేసినట్టు కుమిలిపోయి, మర్నాడు మళ్ళీ పస్తు. రెండోది, చాటుగా తినడం. మూడోది, ఇంట్లోవాళ్ళను నొప్పించలేక ఆకలి లేకపోయినా తినడం.

ముందు నుంచే తిండికి సంబంధించిన మానసిక రుగ్మత ఉన్నవాళ్ళలో ఏం జరుగుతుందో నార్వేలో పెద్ద ఎత్తున చూశారు. వేలమంది గర్భిణుల మీద జరిగి, 2007లో వెలువడిన ఆ పరిశోధనలో తిని వాంతి చేసుకునే బులీమియా చాలామందిలో గర్భం వచ్చాక తగ్గింది. అదే సమయంలో, అదుపు లేకుండా తినేసే రుగ్మత కొంతమందిలో కొత్తగా మొదలైంది. బిడ్డ కోసం అన్న ఆలోచన ఒకరిని కాపాడుతుంది. "ఇప్పుడు తినొచ్చు" అన్న అనుమతి ఇంకొకరి పట్టు సడలిస్తుంది. పాశ్చాత్య పత్రికలు గర్భంలో బరువు పెరగకుండా కడుపు మాడ్చుకోవడానికి "ప్రెగొరెక్సియా" అని పేరు పెట్టాయి. అది పత్రికల మాటే, వైద్యుల జబ్బుల జాబితాలో లేదు. అలాంటి పరిస్థితి మాత్రం ఉంది.

మన దగ్గర ఇదంతా ఎక్కువగా షుగర్ టెస్ట్ దగ్గర బయటపడుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు. 140 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే గర్భంలో వచ్చిన షుగర్ అంటారు. మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనిని అడ్డుకోవడం దీనికి మూలం. బరువు, వంశం, వయసు ముప్పును పెంచుతాయి. సన్నటివాళ్ళకూ వస్తుంది. కానీ రిపోర్ట్ చేతికి రాగానే ఇంట్లో వినిపించే మొదటి మాట "స్వీట్లు తిన్నావుగా". దాంతో ఆమె అన్నం పూర్తిగా మానేస్తుంది. వైద్యంలో ఉన్నది మానడం కాదు, పంచుకోవడం: అదే అన్నాన్ని, ఇడ్లీని మూడు చిన్న భోజనాలు, రెండు మూడు చిరుతిళ్ళుగా విడగొట్టి, పక్కన పప్పో గుడ్డో పెట్టుకోవడం. ఆకలితో ఉన్న గర్భిణి షుగర్ అంకె చూసి గెలిచాననుకున్నా, బిడ్డ బరువు దగ్గర ఆ లెక్క తేడా కొడుతుంది.

ఈమధ్య దీనికి ఇంకో కొత్త సంగతి తోడైంది. 2025లో మౌంజారో, వెగోవీ అనే బరువు తగ్గించే ఇంజెక్షన్లు మన మార్కెట్లోకి వచ్చాయి. బరువు తగ్గితే నెల తప్పే అవకాశం పెరుగుతుంది. మౌంజారో గర్భనిరోధక మాత్రల పనిని కూడా తగ్గించవచ్చు. గర్భంలో ఇవి వాడకూడదు. వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్‌ను గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం రెండు నెలల ముందే ఆపాలని తయారీదారు సూచనల్లోనే ఉంది.

"అంతా నీ మనసులోనే ఉంది" అనిపించుకున్న ఒంటి సమస్యలు

వేవిళ్ళు దాదాపు 70 శాతం మందికి వస్తాయి. కొద్దిమందిలో అవి మంచినీళ్ళు కూడా నిలవనంత తీవ్రంగా ఉండి, ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించే దాకా వెళ్తాయి. తరతరాలుగా ఇలాంటివాళ్ళకు దొరికిన బిరుదులు "గారాబం", "నాటకం". 2023లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ఈ కథను మార్చింది. బిడ్డ, మాయ నుంచి జీడీఎఫ్15 అనే హార్మోన్ తల్లి రక్తంలోకి వస్తుంది. గర్భానికి ముందు ఒంట్లో ఈ హార్మోన్ తక్కువగా ఉన్నవాళ్ళకు దాని అలవాటు ఉండదు, అందుకే వాంతులు తీవ్రంగా ఉంటాయి. తినలేకపోవడం ఆమె ఎంచుకున్నది కాదు.

బలపాలు, మట్టి, పచ్చి బియ్యం, ఐసు తినాలనిపించడం ఇంకొకటి. దీన్ని వైద్యులు పైకా అంటారు. పల్లెల్లో దీన్ని గర్భిణి కోరికగా చూసి నవ్వేస్తారు, పట్నంలో సిగ్గుపడి దాచేస్తారు. దుప్పట్లో దాచుకుని బలపం కొరికే మనిషికి చాలాసార్లు ఐరన్ లోపం ఉంటుంది. మట్టిలో సీసం ఉంటే అది మాయ దాటి బిడ్డకు చేరుతుంది కాబట్టి ఇది నవ్వి వదిలేసే సంగతి కాదు. డాక్టరుకు చెబితే ముందు రాసేది హీమోగ్లోబిన్ పరీక్షే.

కాన్పు తర్వాత లెక్క తిరగబడుతుంది

బిడ్డ, మాయ, ఉమ్మనీరు, కొంత రక్తం కలిపి కాన్పు రోజునే ఐదారు కిలోలు పోతాయి. పొట్ట మాత్రం ఆ రోజు పోదు. గర్భాశయం మామూలు సైజుకు రావడానికి దాదాపు ఆరు వారాలు పడుతుంది. పురుడయ్యాక ఇంటికొచ్చిన మూడో రోజు అద్దంలో ఐదో నెల కడుపులా కనిపిస్తే అది ఒళ్ళు చేయడం కాదు.

అసలు చిక్కు ఇక్కడ ఉంది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలల్లో రోజుకు 600 కిలోక్యాలరీలు అదనంగా కావాలని అదే తార్నాక సంస్థ చెబుతోంది, అంటే గర్భంలో కంటే ఎక్కువ. సరిగ్గా అప్పుడే మన ఇళ్ళలో పథ్యం మొదలవుతుంది. కారప్పొడి, వేపుడు, చారెడు నెయ్యి, కాయం ఉండ. కొన్ని ఇళ్ళలో చాలా కూరలు, పండ్లు, నీళ్ళు కూడా తగ్గించేస్తారు. నెయ్యితో క్యాలరీలు వస్తాయి, కూరలతో వచ్చేవి రావు. నడుముకు గుడ్డ కట్టే పెద్దావిడ ఒక పక్క, "మూడు నెలల్లో పాత జీన్స్‌లోకి" అనే రీల్ ఇంకో పక్క. తొమ్మిది నెలలు "ఇంకా తిను" అన్న గొంతులన్నీ బిడ్డ వైపు తిరిగిపోయి ఉంటాయి.

కాన్పు తర్వాత డిప్రెషన్ మన దేశంలో దాదాపు 22 శాతం మంది తల్లుల్లో కనిపిస్తోందని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చిన సమీక్ష లెక్కగట్టింది. ఒంటి మీద అసంతృప్తి ఒక్కటే దానికి కారణం కాదు. నిద్ర లేకపోవడం, కుట్ల నొప్పి, డబ్బు, ఇంట్లో గొడవలు అన్నీ ఉంటాయి. అయినా రెండు వారాలు దాటినా తగ్గని దిగులు, ఆకలి పూర్తిగా చచ్చిపోవడం, తిన్న ప్రతి ముద్దకూ తప్పు చేసినట్టు అనిపించడం, బిడ్డను ఎత్తుకోవాలని అనిపించకపోవడం కనిపిస్తే మానసిక వైద్యులు వాటిని చికిత్స అవసరమైన లక్షణాలుగానే చూస్తారు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. గర్భిణులూ బాలింతలూ చేయొచ్చు, వాళ్ళ తరఫున ఇంట్లోవాళ్ళు కూడా చేయొచ్చు.